గేరుబాక్సు గరగరలాడుతున్నదా?

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు, అంటే 61 రోజులు, మరపడవలకు వేట నిషేధం. విశాఖపట్నం, కాకినాడ, నిజాంపట్నం హార్బర్లలో పడవ యజమానులు పెద్ద మరమ్మతులను ఈ రోజులకే అట్టిపెట్టుకొంటారు. ఏర్పాటు సబబైనదే. అయితే బేరింగు విషయంలో ఒక చిక్కున్నది. అరిగిన బేరింగు పడవ నడిచేటప్పుడే తన సంగతి బయటపెడుతుంది. కట్టివేసిన పడవలో అది మూగది. కనుక నిషేధానికి ముందు జరిగే చివరి రెండు మూడు వేటలలోనే మీరు చెవి ఒగ్గి వినవలసి ఉంటుంది.

ప్రొపెల్లరు నీటిని వెనుకకు నెట్టినప్పుడు పడవను ముందుకు తోసే బలమంతా షాఫ్టు గుండా వచ్చి, సాధారణంగా గేరుబాక్సులోని బేరింగుల మీదనే ఆనుతుంది. వల లాగే ట్రాలరులో ఈ భారం గంటల తరబడి తగ్గదు.

ఇంజను నడుస్తుండగా పొడుగాటి స్క్రూడ్రైవరు మొనను బేరింగు ఉన్న చోట పెట్టెకు ఆనించి, పిడిని చెవికి చేర్చండి. తలగుడ్డ, తువ్వాలు వంటివి తీసి దూరంగా పెట్టిన తరువాతనే ఈ పని చేయాలి. తిరిగే కప్లింగు గుడ్డను లాగితే మనిషినీ లాగుతుంది. మంచి బేరింగు సన్నగా, ఒకే తీరున పలుకుతుంది. అరిగినది తిరగలి వలె గరగరలాడుతుంది, వేగంతో పాటు హెచ్చుతుంది. న్యూట్రల్‌లో కూడా ఆ శబ్దం ఉంటే ముందుగా ఇంజను వైపు బేరింగును, గేరు వేసినప్పుడు మాత్రమే వస్తే ప్రొపెల్లరు వైపు బేరింగును అనుమానించండి. వంగిన ప్రొపెల్లరు రెక్క, అరిగిన స్టెర్ను బుష్షు కూడా పడవను అదరగొడతాయి. వాటిని చూడకుండా పెట్టె విప్పించడం దండుగ ఖర్చు.

తరువాత ఆయిలు. వేట నుండి రాగానే, వేడిగా ఉన్నప్పుడే, తెల్లని పళ్ళెంలోకి కొంత దించి అయస్కాంతం తిప్పండి. బూడిద వంటి మెత్తని ముద్ద అంటుకొంటే భయం లేదు. గోటికి గరుకుగా తగిలే ఉక్కు రేకులు కనబడితే అవి రోలర్లవి గాని, గేరు పళ్ళవి గాని. ఏవైనా పెట్టె విప్పక తప్పదు. అంటుకోని ఇత్తడి రంగు తళుకు క్లచ్చు ప్లేట్ల నుండి గాని, రోలర్లను పట్టి ఉంచే పంజరం నుండి గాని వచ్చి ఉండవచ్చు. ఆయిలు మజ్జిగ వలె తెల్లబడితే నీరు చేరినట్లే. మరపడవలో ఆయిలు కూలరు గొట్టం చిల్లిపడిందేమో చూడాలి. ఔట్‌బోర్డు ఇంజనులోనైతే తరచుగా దోషం ప్రొపెల్లరు వెనుక చుట్టుకొన్న నైలాను దారానిది. అది సీలును కోస్తుంది, ఆ సందున ఉప్పునీరు లోపలికి పోతుంది.

సీలు గురించి మరొక మాట. కొందరు యజమానులు ఒకే సీలును ఏడాదిలో మూడుమార్లు మార్చి, సరుకు నాసిరకమని దుకాణదారును నిందిస్తారు. ఇంజను ఆపి, కప్లింగు బోల్టులు విప్పి, గేరుబాక్సు వైపు ఫ్లాంజిని చేత్తో పైకీ కిందికీ కదిపి చూడండి. ఆట తెలిసిందంటే బేరింగు అరిగింది; షాఫ్టు ఊగుతుంటే కొత్త సీలు ఎన్నాళ్ళు నిలుస్తుంది? పడవ నీటిలో ఉన్నప్పుడు ఈ పరీక్ష చేసేటట్లయితే విప్పిన షాఫ్టు వెనుకకు జారకుండా ముందే కట్టివేయండి.

బేరింగు ఎందుకు అరిగిందో తేలకుండా కొత్తది వేయించకండి. నీరు చేరడం ఒక కారణం, కప్లింగు వరుస తప్పడం మరొకటి. కప్లింగు రెండు ముఖాల నడుమ సందును నాలుగు చోట్ల ఫీలరు గేజితో కొలిపించండి. ఒడ్డు మీద సరిచూసిన వరుస చాలదు. నీటిలో దిగిన పడవ అడుగు ఆకారం కొంత మారుతుంది కనుక దించిన తరువాత మళ్ళీ కొలవాలి.

మొత్తం గేరుబాక్సే మార్చాలని మెకానిక్కు చెప్పినా, పెట్టె విప్పి గేరు పళ్ళు, షాఫ్టు మీకు చూపిన తరువాతనే అంగీకరించండి. అవి బాగుంటే బేరింగులు, సీళ్ళు, షిమ్ములతో పని ముగియవచ్చు. కొత్త పెట్టె కోసం తీసుకొనే అప్పుకూ దీనికీ ఎంతో తేడా. ఏయే భాగాలు, ఏ నంబరువి, ఎంత ధర అని వేరువేరుగా రాసిన కొటేషనుతో నిషేధం మొదలు కాకముందే మీ శాఖను కలవండి. వేట లేని నెలలలో వాయిదా భారం ఎలా ఉంటుందో అప్పుడే మాట్లాడుకొనవచ్చు.

దుకాణదారులకు: పాత బేరింగు చేతికి వచ్చినప్పుడు రింగు మీది నంబరు చూసి, లోపలి రింగును, బయటి రింగును జతగానే అమ్మండి. అరిగిన బయటి రింగులో కొత్త రోలర్లు త్వరలోనే పాడవుతాయి. పొట్లం విప్పిన సరుకును, బిల్లు లేని సరుకును మీరు తెచ్చుకొనవద్దు. కొత్త బేరింగుతో మొదటి వేట ముగించి వచ్చిన పడవ ఆయిలును ఒకమారు దించి, అదే అయస్కాంతంతో చూడమని కొన్నవారికి చెప్పి పంపండి.