చింత ముదిరిన చోట మరపు

జూలూరుపాడు ప్రాంతపు రైతుకు ఆషాఢం మొదలు ఫాల్గుణం వరకు మనశ్శాంతి అరుదు. ప్రత్తికి వాన చింత, మిరపకు తెగుళ్ళ చింత, పంట చేతికి వచ్చాక ధర చింత. వైద్యుని వద్దకు వచ్చినప్పుడు మాత్రం వారు చెప్పేది వేరు: "జ్ఞాపకం పోతోందండీ, ఊరకే కోపం వస్తోంది, ఏదైనా లేహ్యం ఇవ్వండి." లేహ్యానికి ముందు తెలుసుకోవలసింది, నిద్ర ఎన్ని నెలలుగా చెడిందనేది.

చరకాచార్యుడు విమానస్థానంలో రసవహ స్రోతస్సుల దుష్టికి గురు, శీతాహారాలతో పాటు అతిచింతనను కూడా కారణంగా చెప్పాడు. చింతను ఆహారదోషం సరసన నిలపడం గమనార్హం.

ఆపద ఎదురైతే మూత్రపిండాల పైనున్న అధివృక్క గ్రంథులు కార్టిసాల్ అనే స్రావాన్ని విడుదల చేస్తాయి. పొలంలో పాము కనబడినప్పుడు అది ప్రాణరక్షకమే. పాము తొలగిపోతుంది గాని, అప్పు తొలగదు. ఉదయం హెచ్చుగా, రాత్రి తగ్గి ఉండవలసిన ఆ స్రావం లయ తప్పుతుంది. కొత్త జ్ఞాపకాలను కూర్చే హిప్పోకాంపస్ అనే మెదడు భాగం దీని ప్రభావానికి త్వరగా లోనవుతుంది. దీర్ఘకాలం ఒత్తిడికి గురిచేసిన జంతువులలో అక్కడి నాడీకణాల శాఖలు కురచబడినట్లు, కణాల మధ్య సంకేతాలు సడలినట్లు శాస్త్రజ్ఞులు కనుగొన్నారు. భయాన్ని పుట్టించే అమిగ్డాలా మాత్రం మరింత చురుకవుతుంది. మరపు, చిరాకు జంటగా రావడం అందుకే. ఒత్తిడి తొలగించిన పిమ్మట హిప్పోకాంపస్ శాఖలు తిరిగి పెరగడం కూడా ప్రయోగాలలో కనబడింది.

చరకుడు చెప్పిన మేధ్య రసాయనాలలో మొదటిది మండూకపర్ణి స్వరసం. అంటే చెరువుగట్ల తేమలో ప్రాకే మన సరస్వతి ఆకు. నీటిబ్రాహ్మి వేరు, బజారులో రెండింటినీ బ్రాహ్మి అనే అమ్ముతారు, చూసి కొనాలి. పెన్నేరుగడ్డ చూర్ణం పాలతో నిద్రకు మంచిదే గాని, గర్భిణులు, కాలేయ, థైరాయిడ్ రోగులు వైద్యుని అడగనిదే వాడరాదు. సాయంత్రం తరువాత టీ మాని, పడుకునే ముందు అరికాళ్ళకు నువ్వులనూనె మర్దించుకోవాలి. నిద్ర కుదరకుండా ఎంత ఖరీదైన లేహ్యం తిన్నా ఫలితం స్వల్పమే.

1997-98లో తెలంగాణ ప్రత్తిరైతుల ఆత్మహత్యలు మనకు తెలిసినవే. పురుగుమందు ఉన్న ఇంట "నేను లేకపోతేనే మేలు" అన్న మాట వినబడితే కషాయం కాచుకుంటూ కూర్చోరాదు. డబ్బాలను తాళం వేసి, ఆ మనిషిని ఒంటరిగా వదలక, మానసిక వైద్యుని వద్దకు తీసుకుపోవాలి. 14416 నంబరుకు ఫోను చేస్తే టెలిమానస్ వారు పగలూ రాత్రీ ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు.