గోడ బల్లికి బంగారు చుట్టం

కె.కోటపాడులో మీ ఇంటి గోడమీద పాకే బల్లిని రోజూ చూస్తూనే ఉంటారు కదా! దానికి తూర్పు కనుమల్లో ఒక బంగారు చుట్టం ఉన్నదని మీకు తెలుసా?

దానిని 1870లో బెడ్డోమ్ అనే ఆంగ్లేయుడు తిరుపతి కొండల నుండి శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. పేరు కాలోడాక్టిలోడిస్ ఆరియస్. మొదటి మాటలో ‘అందమైన వేళ్ళు’, రెండవదానిలో ‘బంగారు’ అనే అర్థాలున్నాయి. చాలాకాలం జాడ తెలియని ఈ బల్లి 1980 దశకంలో తూర్పు కనుమల్లో మళ్ళీ కనిపించింది.

దీని ప్రజాతిలో ఇప్పటికి తెలిసినవి రెండే జాతులు. రెండవది సముద్రానికి ఆవల, శ్రీలంక దీవిలో ఉంది. దానిని 1953లో దెరణియగల వర్ణించాడు.

మరి జాతులను వేరుచేసేదెలా? పొలుసుల అమరిక, వేళ్ళ కింది పలకలు, మగ బల్లి తొడల మీది రంధ్రాలు లెక్కిస్తారు, ఇప్పుడు డి.ఎన్.ఏ.ను కూడా పోల్చి చూస్తారు. ఇలాగే 2017లో తూర్పు కనుమల నుండి హెమిడాక్టిలస్ సుశీల్‌దత్తాయి అనే కొత్త జాతి బయటపడింది. మీ ఇంటి బల్లిది కూడా ఆ ప్రజాతే!

రాతి నెర్రెల్లో బతికే బల్లికి ప్రతి కొండా ఒక దీవే. చుట్టూ ఉన్న పొలాలే దానికి సముద్రం. కొండను పిండి కొడితే అది ఎక్కడికి పోతుంది? అందుకే బల్లిని పట్టకండి, కొట్టకండి. చూసి, పుస్తకంలో వ్రాసుకోండి.