ఉప్పుగాలిలో కారు

పాత కారు కొనబోయేవాళ్ళు మొట్టమొదట అడిగే ప్రశ్న మీరు వినే ఉంటారు. "బండి ఎన్ని కిలోమీటర్లు తిరిగింది?" మన పలాస, టెక్కలి ప్రాంతాల్లో అంతకంటే ముందు అడగవలసిన ప్రశ్న ఇంకొకటుంది. "ఇన్నాళ్ళూ ఎక్కడ నిలిపారు?" ఒకే సంవత్సరం తయారైన రెండు కార్లలో ఒకటి పాతపట్నంలోను, రెండవది బారువలో సముద్రానికి ఎదురుగాను ఉన్నాయనుకోండి. రెండవది తక్కువ తిరిగినా సరే, దాని అడుగు రేకే ముందుగా తుప్పు పడుతుంది.

ఎందుకని? ఒక లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి. అలలు విరిగినప్పుడు లేచిన తుంపరలు గాలిలో ఆరిపోగా, సన్నని ఉప్పు రేణువులు మిగులుతాయి. నౌపడ మడుల్లో కుప్పలుగా కనిపించే ఉప్పులాంటిదే, కంటికి ఆనని పొడిగా, ఉద్దానం కొబ్బరితోటల మీదుగా వచ్చి కారు మీద వాలుతుందన్నమాట.

ఇనుము తుప్పు పట్టాలంటే నీరు, ఆక్సిజన్ రెండూ కావాలని మీరు చదువుకున్నారు. మరి ఉప్పు చేసే పనేమిటి? తడిసిన ఇనుప రేకు ఒక చిన్న విద్యుత్ ఘటం వంటిది. రేకులో ఒకచోట ఇనుము ఎలక్ట్రాన్లను వదిలి అయాన్లుగా నీటిలోకి దిగుతుంది. మరొకచోట ఆక్సిజన్, నీరు కలిసి ఆ ఎలక్ట్రాన్లను అందుకుంటాయి. వలయం పూర్తి కావాలంటే మధ్యనున్న నీటిగుండా అయాన్లు కదలాలి. మంచినీటిలో ఈ పని మందకొడిగా సాగుతుంది. ఉప్పునీరు మంచి విద్యుద్వాహకం కనుక జోరుగా సాగుతుంది. అంతేకాదు, ఇనుము మీద రక్షణగా ఉండే పలుచని ఆక్సైడు పొరను క్లోరైడు అయాన్లు ఛేదిస్తాయి.

వానాకాలంలో ఉప్పు జాడీ చెమర్చడం చూశారు కదా! గాలిలో తేమ సుమారు 75 శాతం దాటితే ఉప్పు ఆ తేమను పీల్చుకొని కరగడం మొదలుపెడుతుంది. కాబట్టి వాన కురవకపోయినా ఉప్పు పట్టిన రేకు తడిగానే ఉంటుంది. ఈ సంగతి తెలియక కొందరు కారును టార్పాలిన్‌తో బిగించి కప్పి, భద్రంగా ఉందనుకుంటారు. లోపలి తేమ బయటికి పోదు. దానికంటే గాలి ఆడే పాక నయం.

తుప్పు అది పుట్టిన ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. అందుకే రంగు కింద పొక్కులు లేస్తాయి. పొక్కు కనిపించిందంటే లోపల పని చాలాదూరం వెళ్ళిందని అర్థం. ఇప్పటి కార్లలో చాలావాటికి వేరే చట్రం ఉండదు. రేకు డొక్కే అస్థిపంజరం. తలుపుల కింద అంచు, అడుగు రేకు తినేస్తే పోయేది అందం కాదు, బలం.

పాత బండి చూడటానికి వెళ్ళేటప్పుడు ఒక అయస్కాంతాన్ని గుడ్డలో చుట్టి తీసుకువెళ్ళండి. తలుపుల కింది భాగంలోను, చక్రాల పైవంపులోను ఆనించి చూడండి. చుట్టుపక్కల గట్టిగా అంటుకొని ఒక్కచోట జారిపోతే, అక్కడ రంగు కింద లప్పం దట్టంగా పూశారని అనుమానించాలి. (బంపర్ల మీద ప్రయత్నించకండి. అవి చాలావరకు ప్లాస్టిక్‌వే!) కాళ్ళకింది మ్యాట్‌లు ఎత్తి చూడండి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను తీరం దాటింది మన పలాస దగ్గరే. అటువంటి తుపానుల్లో మునిగిన బండ్లు కడిగి తుడిచాక కొత్తవాటిలా మెరుస్తాయి. సీటు బెల్టును చివరిదాకా లాగితే బురద చార కనిపించవచ్చు. సీట్ల కింది పట్టాల తుప్పు కూడా ఆ కథ చెబుతుంది.

ఇంజన్ ఆయిలు, టైర్ల గాలి సంగతులు కారుతోపాటు ఇచ్చే పుస్తకంలో ఉంటాయి. అవి ఏ ఊరికైనా ఒకటే. మన తీరంలో అదనంగా చేయవలసింది బండి అడుగుభాగం కడగడం. బోరు నీరు ఉప్పగా ఉంటే దానితో కడిగి లాభం లేదు, మంచినీరే కావాలి. తలుపుల కింది అంచున నీరు పోవడానికి చిన్న రంధ్రాలుంటాయి. ఇసుక, ఆకుల చెత్త చేరి అవి మూసుకుపోతే తలుపు లోపల నీరు నిలుస్తుంది. సన్నని పుల్లతో వాటిని తెరవాలి.

బ్రేకుల విషయంలో మాత్రం ఉపేక్ష పనికిరాదు. ఉద్దానంలో కిడ్నీ రోగులను వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్‌కు తీసుకువెళ్ళే బండ్లున్నాయి. బ్రేకు నూనె గాలిలోని తేమను పీల్చుకుంటుంది. నీరు కలిసినకొద్దీ దాని మరిగే ఉష్ణోగ్రత తగ్గుతుంది. బ్రేకులు బాగా వేడెక్కినప్పుడు అందులో ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవం నొక్కుకుపోదు, ఆవిరి నొక్కుకుపోతుంది. పెడల్ మెత్తగా కిందికి దిగిపోతుంది, బండి ఆగదు! అందుకే ఈ నూనెను సాధారణంగా రెండేళ్ళకొకసారి మార్చమంటారు. ఇనుప బ్రేకు గొట్టాలను కూడా అప్పుడే తుప్పు కోసం పరీక్షించమని మెకానిక్‌ను అడగాలి.

కొన్ని కార్ల రేకుకు జింకు పూత ఉంటుంది. జింకు ఇనుముకంటే సులభంగా ఎలక్ట్రాన్లను వదులుతుంది కనుక, గీత పడినచోట కూడా ముందు తానే కరిగి ఇనుమును కాపాడుతుంది. దీన్ని మీరే చూడవచ్చు. మూడు గాజు గ్లాసులు, మూడు కొత్త ఇనుప మేకులు తీసుకోండి. మొదటి మేకు మంచినీటిలోను, రెండవది ఉప్పునీటిలోను వేయండి. మూడవ మేకుకు జింకు పూత ఉన్న జి.ఐ. తీగను బిగించి చుట్టి, అదీ ఉప్పునీటిలోనే వేయండి. వారం రోజులు రోజూ చూసి, ఏ మేకు ఎప్పుడు ఎర్రబడిందో, తీగ మీద తెల్లని పొడి ఎప్పుడు కనిపించిందో నోటు పుస్తకంలో రాసుకోండి.