ఆస్ట్రేలియాలో నిపుణుల నివాసము

విద్యావంతులగు మన యువతీయువకులు పెక్కురు ఆస్ట్రేలియాలో స్థిరపడగోరుచున్నారు. అందుకు గల మార్గములలో 189వ తరగతి వీసా ఒకటి. దీనికి యజమాని గాని, రాష్ట్ర ప్రభుత్వము గాని పూచీపడ నక్కరలేదు. అభ్యర్థి యోగ్యతయే పూచీ.

ఆ యోగ్యతను పాయింట్లతో కొలుతురు. వయస్సు, ఆంగ్ల భాషా పరిజ్ఞానము, విద్య, అనుభవము ముఖ్యములు. కనీసము 65 పాయింట్లు రావలెను. అవి వచ్చినంత మాత్రమున పిలుపు వచ్చునని తలచరాదు. ఎక్కువ గలవారికే ముందుగా అందును. పిలుపునాటికి 45 ఏండ్లు నిండి యుండరాదు.

మొదట ఆయా వృత్తికి నియమితమైన సంస్థ నైపుణ్యమును పరిశీలింపవలెను. కంప్యూటరు వృత్తులలో అనేకములకు ఆ సంస్థ ఆస్ట్రేలియన్ కంప్యూటర్ సొసైటీ. ఇచటనే పలువురు పొరబడుదురు. నిపుణత ఏనాటినుండి సిద్ధించినదో ఆ సంస్థ తన లేఖలో తెలుపును. అంతకు ముందటి ఉద్యోగకాలము సాధారణముగా లెక్కకు రాదు. విదేశములలో 8 ఏండ్లు పనిచేసినవారికి 15 పాయింట్లు కలవు. అందు 2 ఏండ్లు తొలగినచో మిగులునవి 6. అప్పుడు లభించునవి 10 పాయింట్లే.

ఆసక్తిని తెలుపునపుడు ఋజువు పత్రములు అడుగరు. కనుక లెక్క పెంచి చెప్పుట సులభము, నిలుపుకొనుట దుర్లభము. పిలుపు వచ్చిన పిమ్మట 60 దినములలో దరఖాస్తు చేసి, చెప్పుకొన్న పాయింట్లకు ఋజువులు చూపవలెను. పిమ్మట వైద్యపరీక్ష, పోలీసు ధ్రువపత్రము ఉండును. లెక్క తప్పినచో దరఖాస్తు నిరాకరింపబడవచ్చును. చెల్లించిన రుసుము సాధారణముగా తిరిగి రాదు.

కావున పత్రము లేని పాయింటును కోరకుడు. పిలుపు వీసా కాదు. వీసా చేతికందువరకు ఉన్న ఉద్యోగమును విడువకుడు.