ఆ గడి దగ్గర ఆగిపోకండి

ఆన్‌లైన్‌లో దరఖాస్తు నింపుతున్నారు. పేరు, పుట్టిన తేదీ, పదో తరగతి హాల్‌టికెట్ నంబరు... అన్నీ చకచకా సాగిపోతున్నాయి. ఇంతలో ఒక ప్రశ్న: ‘మీరు దివ్యాంగులా?’ చాలామంది వేలు అక్కడే ఆగిపోతుంది. ‘అవును అని పెడితే చులకనగా చూస్తారేమో’, ‘వినపడనిది ఒక చెవే కదా, దానికి ఇదంతా ఎందుకు’, ‘ఇంటర్వ్యూలో దీని గురించే అడుగుతారేమో’... ఇలా పది ఆలోచనలు. చివరికి ‘కాదు’ నొక్కేసి ముందుకెళ్లిపోతారు. అర్హత ఉండి కూడా అలా నొక్కితే పరీక్షలో అదనపు సమయం, స్క్రైబ్, వయసు సడలింపు, రిజర్వేషన్ అన్నీ చేజేతులా వదులుకున్నట్టే.

కష్టాన్ని తట్టుకోవడమంటే పళ్ల బిగువున భరించడమేనని మనకు చిన్నప్పటి నుంచీ చెబుతూ వచ్చారు. ఎవరి సాయమూ అడగకుండా నెట్టుకొస్తే శభాష్ అంటారు. కానీ గెలిచి నిలబడినవాళ్ల కథల్ని కాస్త దగ్గర నుంచి చూడండి. వాళ్లు భరించి ఊరుకోలేదు. తమకు రావాల్సింది అడిగారు. ఇవ్వకపోతే మళ్లీ అడిగారు.

సైన్స్ ఇవ్వమన్నారు

మచిలీపట్నం దగ్గర సీతారామపురంలో, వ్యవసాయ కుటుంబంలో పుట్టారు బొల్లా శ్రీకాంత్. పుట్టుకతోనే చూపు లేదు. పదో తరగతి మంచి మార్కులతో పాసయ్యాక సైన్స్ గ్రూపు తీసుకుంటానంటే కుదరదన్నారు. చూపులేనివాళ్లు ఆర్ట్స్ చదువుకోవాల్సిందేనన్నది అప్పటి నిబంధన. ఆయన కోర్టుకెళ్లారు, గెలిచారు. పాఠాల్ని ఆడియోగా మార్చుకుని విని చదివారు. ఇంటర్‌లో 98 శాతం మార్కులు తెచ్చుకున్నారు. ఐఐటీ కోచింగ్ సంస్థలు చేర్చుకోకపోతే అమెరికాలోని ఎంఐటీకి దరఖాస్తు పెట్టి సీటు సాధించారు. 2012లో తిరిగొచ్చి హైదరాబాద్‌లో బొల్లాంట్ ఇండస్ట్రీస్ మొదలుపెట్టారు. అందులో రతన్ టాటా పెట్టుబడి పెట్టారు. దివ్యాంగులకు ఉద్యోగాలిచ్చే సంస్థగా దానికి పేరొచ్చింది. 2024లో ఆయన జీవితం హిందీలో సినిమాగానూ వచ్చింది.

సినిమాలో మనకు గుర్తుండేది గెలుపే. మీరు గుర్తుపెట్టుకోవాల్సింది మాత్రం వేరే ఉంది. తలుపు మూసుకున్నప్పుడు ఆయన ‘నా రాత ఇంతే’ అనుకోలేదు. ‘ఈ నిబంధన ఎందుకు?’ అని అడిగారు.

ర్యాంకు వచ్చినా ఉద్యోగం రాలేదు

ఇరా సింఘాల్‌ది మరో అనుభవం. వెన్నెముక వంకర తిరిగే స్కోలియోసిస్ ఆమె సమస్య. 2010 సివిల్స్‌లో ఐఆర్‌ఎస్‌కు తగిన ర్యాంకు వచ్చింది. కానీ బరువులు నెట్టలేరు, లాగలేరు, ఎత్తలేరంటూ పోస్టింగ్ ఇవ్వలేదు. ఆమె క్యాట్‌ను ఆశ్రయించి పోస్టింగ్ సాధించుకున్నారు. ఈలోగా పుస్తకాలూ పక్కన పడేయలేదు. 2014 సివిల్స్‌లో దేశం మొత్తానికీ మొదటి ర్యాంకు ఆమెదే.

ఇక్కడ రెండు పనులు ఒకేసారి సాగాయి. ఒకవైపు హక్కు కోసం పోరాటం, మరోవైపు ప్రిపరేషన్. ఒకదాని కోసం రెండోదాన్ని ఆపలేదు. పోటీ పరీక్షలకు కూర్చునే ప్రతి ఒక్కరికీ పనికొచ్చే పాఠం ఇది.

ఒంటరిగా ఎవరూ గెలవరు

వరంగల్ జిల్లా కల్లెడకు చెందిన జీవాంజి దీప్తికి మేధోపరమైన వైకల్యం ఉంది. చిన్నప్పుడు ఊళ్లో వెక్కిరింపులు పడింది. అమ్మానాన్నలు మాత్రం గుండె దిటవు చేసుకుని వెనక నిలబడ్డారు. కోచ్ నాగపురి రమేశ్ ఆమె పరుగును గుర్తించి శిక్షణ ఇచ్చారు. 2024 మేలో జపాన్‌లోని కోబెలో 400 మీటర్లను 55.07 సెకన్లలో పరుగెత్తి తన విభాగంలో ప్రపంచ రికార్డు కొట్టింది. అదే ఏడాది పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది. పరుగు ఆమెదే. ఆ పరుగు వెనక ఇంకొందరు ఉన్నారు.

అలాగని అందరూ కోర్టుకెక్కాలని, పతకాలు తేవాలని కాదు. ‘వాళ్లు సాధించారు, నువ్వెందుకు సాధించలేవు?’ అని ఎవరైనా అంటే మనసు చిన్నబుచ్చుకోవద్దు. వాళ్ల పోరాటాల వల్ల, చట్టం మారడం వల్ల మీ దారి కొంత సులువైంది. దాన్ని వాడుకోండి.

మీకు దక్కాల్సినవి

2016 దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. అంతకుముందు ఇవి ఏడే. 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్నట్టు ధ్రువీకరణ ఉంటే ప్రభుత్వ ఉద్యోగాల్లో కనీసం 4 శాతం, ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల్లో కనీసం 5 శాతం రిజర్వేషన్ వర్తిస్తుంది. కేంద్ర ఉద్యోగాలకు సాధారణంగా పదేళ్ల వయసు సడలింపు ఉంటుంది.

స్క్రైబ్ వాడుకునే అర్హత ఉన్నవారికి గంటకు కనీసం 20 నిమిషాల అదనపు సమయం ఇవ్వాలని 2018 కేంద్ర మార్గదర్శకాలు చెప్పాయి. అంటే మూడు గంటల పేపర్‌కు మరో గంట. 40 శాతం లేకపోతే ఇక అంతేనా? కాదు. రాసేటప్పుడు చేయి పట్టేసే సమస్య ఉన్న ఒక సివిల్స్ అభ్యర్థి వేసిన వికాస్ కుమార్ కేసులో 2021లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది: స్క్రైబ్ ఇవ్వడానికి 40 శాతమే కొలమానం కాకూడదని. ఆ తర్వాత 2022లో అలాంటివారి కోసం ప్రత్యేక మార్గదర్శకాలు వచ్చాయి.

ఇప్పుడేం చేయాలి?

* యూడీఐడీ కార్డు లేకపోతే ముందు ఆ పని చూడండి. మీ దగ్గర పాత సదరం సర్టిఫికెట్ ఉంటే దాని గడువు ఒకసారి సరిచూసుకోండి. నోటిఫికేషన్ వచ్చాక పరుగెత్తితే టైం సరిపోదు.

* నోటిఫికేషన్‌లో దివ్యాంగుల భాగాన్ని పూర్తిగా చదవండి. ఏ పోస్టు ఏ వైకల్యానికి కేటాయించారు, స్క్రైబ్‌ను వాళ్లిస్తారా మీరు తెచ్చుకోవాలా, ఏ ఫారం మీద డాక్టర్ సంతకం కావాలి... అన్నీ అక్కడే ఉంటాయి.

* స్క్రైబ్‌తో రాయడం కూడా ఒక నైపుణ్యమే. ఇంట్లో తమ్ముడినో చెల్లెలినో కూర్చోబెట్టుకుని వారానికో మాక్ టెస్ట్ రాయండి.

* చూపు సమస్య ఉంటే కంప్యూటర్‌లో ఎన్‌వీడీఏ స్క్రీన్ రీడర్, ఫోన్‌లో టాక్‌బ్యాక్ నేర్చుకోండి. రెండూ ఉచితమే.

* ప్రైవేటు ఇంటర్వ్యూలో మీ సమస్యను పెద్ద కథలా చెప్పొద్దు. సూటిగా, పరిష్కారంతో కలిపి చెప్పండి. ‘నాకు కుడి చెవి వినపడదు సర్. మీటింగ్‌లో మాట్లాడేవాళ్లు నాకు ఎడమవైపు ఉంటే ఇబ్బంది లేదు’ అంటే చాలు. ఎదుటివాళ్లకు భయం పోతుంది, మీకూ బరువు దిగుతుంది. ఆఫర్ వచ్చాక ఆ సంస్థ సమాన అవకాశాల విధానం గురించి హెచ్‌ఆర్‌ను అడగండి. అలాంటి విధానం ప్రకటించాలని చట్టమే చెబుతోంది.

* రిజల్ట్ బాగోలేని రోజు బాధపడండి, తప్పులేదు. ఆ రోజు ఫోన్ చేయడానికి ఒక్క మనిషిని మాత్రం ఉంచుకోండి. మర్నాడు కాకపోతే రెండో రోజు మళ్లీ టేబుల్ ముందు కూర్చుంటే చాలు.

మీకు వైకల్యం లేదా?

అయితే ఈ మాటలు మీకూ వర్తిస్తాయి. మీ క్లాసులో, మీ హాస్టల్లో ఒకరికి పాఠం చదివి వినిపించేవాళ్లు కావాలి, పరీక్షకు స్క్రైబ్ కావాలి. నిబంధనలు ఒప్పుకుంటే ముందుకు రండి. ఒక పూట మీ సమయం వాళ్లకు ఏడాది ఆదా చేయొచ్చు. ‘అయ్యో పాపం’ అన్న మాట కంటే అది వెయ్యి రెట్లు నయం.

ఇక ఆ దరఖాస్తు సంగతి. ఆ గడిలో అడుగుతున్నది మీ విలువ ఎంతని కాదు. పరీక్ష రాయడానికి మీకేం కావాలని. సర్టిఫికెట్ చేతిలో ఉంటే ‘అవును’ అని నొక్కండి. తర్వాత పేజీకి వెళ్లండి.