వీడియోగేమ్ పెట్టె సగం దారిలో ఎందుకు మారుతుంది?



ఈసారి గోడపత్రికకి వీడియోగేముల మీద రాస్తానంటే డార్మెటరీలో అందరూ నవ్వారు. "చదువు గురించి రాయరా" అన్నారు. నవ్వితే నవ్వారుగాని ఇందులో లెక్కలున్నాయి, ఫిజిక్సు ఉంది, వ్యాపారం ఉంది. అన్నిటికంటే ముందు మా అక్క గాజుల సంగతి ఉంది.

మా బావ (అక్క మొగుడు) మన్యం నుంచి పని కోసం దిగొచ్చి అమలాపురంలో ఉంటున్నాడు. గడియార స్తంభానికి కొంచెం ఎడంగా ఒక సందులో చిన్న గది అద్దెకి తీసుకుని రెండు టీవీలు, రెండు ప్లేస్టేషన్ 4 పెట్టెలు పెట్టాడు. కుర్రాళ్ళు వచ్చి గంటకింత అని ఇచ్చి ఆడుకుని పోతారు. సంక్రాంతి సెలవులకి ఊరెళ్తూ అక్కడ రెండు రోజులు ఆగాను. అప్పుడు చెప్పాడు. ఈమధ్య వచ్చేవాళ్ళు "అన్నా, నీ దగ్గర ప్రో లేదా?" అని అడుగుతున్నారట. వాడిన సామాను అమ్మే ఒకాయన వచ్చి "ఆయ్, రెండు ప్రోలున్నాయండి, తీసేసుకోండి, మీ పాతవి ఇంక తుక్కేనండి" అన్నాడట. కొనాలంటే అక్క గాజులు కుదువ పెట్టాలి.

"పదో తరగతి చదువుతున్నావు కదరా, నువ్వు చెప్పు. ప్లేస్టేషన్ 4 అని ఒకటి అమ్మి, మూడేళ్ళకే అదే పేరుకి ప్రో అని తోక తగిలించి ఇంకోటి ఎందుకు దించారు? ముందు కొన్నవాళ్ళని ముంచడానికా?" అన్నాడు బావ.

నాకు తెలీలేదు. "కనుక్కుని చెప్తాను బావా" అన్నాను. హాస్టల్‌కి వచ్చాక ఫిజిక్స్ మాస్టార్నీ కంప్యూటర్ మాస్టార్నీ అడిగి, కంప్యూటర్ గదిలో చూసి రాసుకున్నది ఇదీ.

ముందు కన్సోల్ అంటే ఏమిటో చెప్పాలి. టీవీకి తగిలించి ఆడే పెట్టె అన్నమాట. మాస్టార్ల చిన్నతనంలో క్యాసెట్ గుచ్చి ఆడిన వీడియోగేమ్ కూడా ఈ జాతిదే. కంప్యూటర్‌కీ దీనికీ తేడా ఏమిటంటే, కంప్యూటర్ ఒక్కొక్కరింట్లో ఒక్కో రకంగా ఉంటుంది. కన్సోల్ అలా కాదు, ప్రపంచంలో ఎక్కడ కొన్నా లోపల అదే చిప్, అదే బలం. అందుకని ఆట తయారుచేసేవాళ్ళు ఆ ఒక్క పెట్టెకి సరిపోయేట్టు చేస్తే చాలు, కొన్నవాళ్ళందరికీ ఆడుతుంది. ఇలా ఒకే పెట్టె నడిచే కాలాన్ని ఒక తరం అంటారు. సోనీ వాళ్ళ ప్లేస్టేషన్ 1994లో వచ్చింది. రెండోది 2000లో, మూడోది 2006లో, నాలుగోది 2013లో, అయిదోది 2020లో. అంటే ఆరేడేళ్ళకి ఒక తరం. "ఇప్పుడు కొను, ఆరేడేళ్ళు నిశ్చింతగా ఆడుకో" అని కంపెనీ చెప్పకనే చెప్పే మాట అది.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, పెట్టె ఆరేడేళ్ళు కదలకుండా కూర్చుంటుంది గాని చుట్టూ ఉన్నవి కూర్చోవు. ముఖ్యంగా రెండు, చిప్పూ టీవీ.

చిప్ సంగతి ఈ గోడపత్రిక మీదే చెప్పొచ్చు. నేను రాస్తున్నది ఒక చార్టు మీద. నా అక్షరాలు సగం సైజుకి తగ్గించాననుకోండి. అప్పుడు రెండు దారులు. ఇదే వ్యాసాన్ని చిన్న కాయితంలో ఇరికించి చార్టు ఖర్చు తగ్గించొచ్చు. లేదా అదే చార్టులో ఇంకా బోలెడు విషయం రాయొచ్చు. చిప్‌లో అక్షరాల బదులు ట్రాన్సిస్టర్లు ఉంటాయి. 2013లో ప్లేస్టేషన్ 4 చిప్‌ని 28 నానోమీటర్లు అనే పద్ధతిలో చేశారు. 2016 నాటికి 16 నానోమీటర్ల పద్ధతి చేతికొచ్చింది. (నానోమీటర్ అంటే మీటర్లో వంద కోట్లో వంతు. ఈ అంకెలు ఇప్పుడు అచ్చంగా కొలతలు కావు, పద్ధతికి పెట్టుకున్న పేర్లలాంటివి అని మాస్టారు చెప్పారు.) ట్రాన్సిస్టర్ చిన్నదైతే కరెంటు తక్కువ తాగుతుంది, వేడి కూడా తక్కువే.

సోనీ వాళ్ళు రెండు దారుల్లోనూ నడిచారు. 2016 సెప్టెంబరులో పలచటి పెట్టె, స్లిమ్ వచ్చింది. అదే బలం, చిన్న కాయితం. అదే సంవత్సరం నవంబరులో ప్రో వచ్చింది. అదే చార్టు, ఎక్కువ విషయం. మొదటి పెట్టె బొమ్మలు గీసే భాగం సెకనుకి 1.84 లక్షల కోట్ల లెక్కలు చేస్తే, ప్రో 4.2 లక్షల కోట్లు చేస్తుంది. ధర మాత్రం మొదటిది 2013లో వచ్చినప్పుడు ఎంతో అంతే, 399 డాలర్లు.

ఇక టీవీ. ప్లేస్టేషన్ 4 వచ్చేనాటికి మంచి టీవీ అంటే ఫుల్ హెచ్‌డీ. అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలు. గుణిస్తే 20,73,600. తరవాత రెండు మూడేళ్ళలో 4కె టీవీలు దిగాయి. 3840 పెట్టు 2160, మొత్తం 82,94,400 చుక్కలు. సరిగ్గా నాలుగు రెట్లు. ఆటలో ఈ చుక్కలన్నిటికీ రంగు లెక్క కట్టాలి, అదీ సెకనుకి 30 సార్లో 60 సార్లో. పాత పెట్టె వల్ల ఎలా అవుతుంది? నిజానికి ప్రో వల్ల కూడా పూర్తిగా కాలేదు. పైన అంకెలు చూడండి, దాని బలం పెరిగింది రెండు రెట్లకి కాస్త ఎక్కువ, చుక్కలు పెరిగింది నాలుగు రెట్లు. అందుకని చాలా ఆటల్లో చదరంగం గళ్ళలాగా ఒకటి విడిచి ఒకటి లెక్క కట్టి, మధ్యవి ముందు బొమ్మని చూసి పూరించేవారు. మనం హోంవర్కులో చేస్తే తన్నులు తింటాం, వాళ్ళు చేస్తే టెక్నాలజీ.

ఇంతవరకూ చిప్, టీవీ. కాని చెయ్యగలిగినంత మాత్రాన ఎవరూ చెయ్యరు కదా. డబ్బు ఎక్కడుందో చూడాలి.

మనం అనుకుంటాం, పెట్టె అమ్మి లాభం తీస్తారని. కాదు. 2021లో అమెరికాలో ఒక కోర్టు కేసులో మైక్రోసాఫ్ట్ అధికారిణి లోరి రైట్ సాక్ష్యం చెబుతూ, ఎక్స్‌బాక్స్ పెట్టెల అమ్మకం మీద తాము ఎన్నడూ లాభం చూడలేదని చెప్పింది. మరి ఎలా బతుకుతారు? ఆటల మీద. వాళ్ళ దుకాణంలో వేరేవాళ్ళ ఆట అమ్ముడైతే మామూలుగా నూటికి 30 వంతులు వీళ్ళకి. కాబట్టి పెట్టె అమ్మడంకంటే కొన్నవాడు పక్కకి పోకుండా ఉండటం ముఖ్యం. ప్లేస్టేషన్ వ్యాపారం చూసిన ఆండ్రూ హౌస్ 2016లో ఇదే చెప్పాడు. తరం సగానికి వచ్చేసరికి, మంచి బొమ్మ కావాలనుకునే ఆటగాళ్ళు కంప్యూటర్ వైపు వెళ్ళిపోతారు, వాళ్ళని నిలుపుకోవాలి అని. అలా వెళ్ళిపోయేవాళ్ళు కొద్దిమందే. కాని ఆటలు ఎక్కువ కొనేది వాళ్ళే.

మైక్రోసాఫ్ట్ కథ వేరు, అందులో మన తెలుగాయన ఉన్నారు. హైదరాబాదులో పుట్టి బేగంపేట పబ్లిక్ స్కూల్లో చదివిన సత్య నాదెళ్ళ 2014 ఫిబ్రవరిలో ఆ కంపెనీ అధిపతి అయ్యారు. వాళ్ళ నాన్నగారు యుగంధర్ గారు గ్రామీణాభివృద్ధి పనుల్లో పేరున్న ఐ.ఎ.ఎస్. అధికారి, మన పెద్దవాళ్ళకి తెలిసే ఉంటుంది. సత్య గారు కుర్చీ ఎక్కేనాటికి ఎక్స్‌బాక్స్ వన్ వెనకబడి ఉంది. 2013లో ప్లేస్టేషన్ 399 డాలర్లయితే ఎక్స్‌బాక్స్ వన్ 499, కెమెరా కలిపి ఇచ్చారు. పైగా బలం తక్కువ, 1.31 లక్షల కోట్ల లెక్కలే. తరం మధ్యలో వెనకబడితే ఏం చెయ్యాలి? ఏడేళ్ళు ఓర్చుకోవాలి, లేదా మధ్యలోనే కొత్త పెట్టె దించాలి. 2017 నవంబరులో ఎక్స్‌బాక్స్ వన్ ఎక్స్ దించారు. 6 లక్షల కోట్ల లెక్కలు. అప్పటికి అన్ని కన్సోళ్ళలోకీ బలమైనది అదే. పోయిన పరువు కొంత తిరిగొచ్చింది. ఆ తరంలో అమ్మకాల్లో మాత్రం ప్లేస్టేషన్‌నే దాటలేకపోయారు.

ఇప్పుడు బావ అడిగిన అసలు ప్రశ్న. ముందు కొన్నవాళ్ళు మునిగారా?

సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కినవాళ్ళకి ఇది తేలిగ్గా అర్థమౌతుంది. పంటుకి పెద్ద ఇంజను పెట్టొచ్చు, తొందరగా నరసాపురం చేరొచ్చు. కాని అది ఆగాల్సింది పాత రేవులోనే. కొత్త పంటుకి కొత్త రేవు కావాలని పాత రేవు మూసేస్తే, పాత పడవ ఉన్నవాడి గతి ఏమిటి? ప్రో విషయంలో సోనీ వాళ్ళూ, ఎక్స్ విషయంలో మైక్రోసాఫ్ట్ వాళ్ళూ పాత రేవు మూయలేదు. ఆ తరంలో వచ్చే ప్రతి ఆటా పాత పెట్టెలోనూ ఆడాలి అని ఆటలు చేసేవాళ్ళకి షరతు పెట్టారు. లోపల చిప్‌ని కూడా అలాగే చేశారు. మార్క్ సెర్నీ అనే ఇంజనీరు ప్రో చిప్‌ని సీతాకోకచిలుక రెక్కలతో పోల్చాడు. పాత చిప్‌లో బొమ్మలు గీసే భాగాలు 18. దాని పక్కనే అద్దంలో బొమ్మలాగా ఇంకో 18 పెట్టారు. పాత ఆట పెడితే ఒక రెక్క ముడుచుకుంటుంది, మిగిలినది పాత పెట్టెలాగే నడుస్తుంది.

ఎందుకింత జాగ్రత్త? ఆపాటికి ఒకరు మునిగి చూపించారు. సెగా అనే జపాను కంపెనీకి జెనెసిస్ అనే పెట్టె ఉండేది. దాని బలం పెంచడానికి 1994 నవంబరులో అమెరికాలో 32ఎక్స్ అనే తోకముక్క అమ్మారు, 159 డాలర్లకి. దాని ఆటలు అది లేకపోతే ఆడవు. అదే నెలలో జపానులో వాళ్ళదే సాటర్న్ అనే కొత్త తరం పెట్టె కూడా దించేశారు! ఇంక 32ఎక్స్‌కి ఆటలెవరు చేస్తారు? కొన్నవాళ్ళు నిజంగానే మునిగారు. ఆ తరవాత సెగా పెట్టెల్ని జనం నమ్మడం తగ్గింది, 2001లో కన్సోళ్ళ తయారీయే మానుకున్నారు. ఒక్క 32ఎక్స్ వల్లే పోయారని నేననను. నమ్మకం పోవడం మాత్రం అక్కడే మొదలైందని నాకనిపిస్తుంది.

ఈమధ్య సంగతి కూడా చెప్పాలి. 2024 నవంబరులో ప్లేస్టేషన్ 5కీ ప్రో వచ్చింది. ఈసారి ధర అంతే ఉంచలేదు. 2020లో డిస్కు పెట్టే పెట్టె 499 డాలర్లయితే, ప్రో 699 దాటింది, డిస్కు పెట్టే భాగం విడిగా కొనుక్కోవాలి. ఎందుకంటే అక్షరాలు చిన్నవి చెయ్యడం ఇప్పుడు వెనకటిలాగా చవగ్గా అవ్వడంలేదు. చిన్న అక్షరానికి ఖరీదైన కలం కావాలన్నమాట. మన దేశంలో అయితే అప్పుడు అసలు దించనేలేదు. దాని వైఫై 6 గిగాహెర్ట్జ్ తరంగాలు వాడుతుంది, ఆ తరంగాలకి అప్పటికి మన దేశంలో అనుమతి లేదు. పెట్టె ఎంత గొప్పదైనా గాలిలో దారి సర్కారు ఇవ్వాలి మరి.

ఇవన్నీ రాసుకుని, ఔటింగ్ ఇచ్చిన ఆదివారం బావ దగ్గరికి వెళ్ళాను. కాయితం చూపించకుండా ముందు ఒకటే అడిగాను. "బావా, నీ టీవీలు 4కెనా?" వెనక్కి తిప్పి అట్టమీద చూశాం. రెండూ ఫుల్ హెచ్‌డీ. ప్రో పెట్టినా కొన్ని ఆటలు కాస్త నున్నగా ఆడతాయి, అంతే. చుక్కలు మాత్రం అవే 20,73,600. వచ్చే కుర్రాళ్ళలో ముప్పాతికమంది ఆడేది ఫుట్‌బాల్. ఆ ఆట 2024లో వచ్చిన కొత్తది కూడా పాత ప్లేస్టేషన్ 4లో ఆడుతుంది.

"అయితే తుక్కు కాదన్నమాట" అన్నాడు బావ.

"ప్రో వల్ల తుక్కు కాదు. కాని ప్లేస్టేషన్ 5 వేరే తరం బావా, దానికోసమే వచ్చే ఆటలు దీంట్లో ఆడవు. అవి అడిగేవాళ్ళు ఎక్కువైతే అప్పుడు ఆలోచించాలి. అదైనా మళ్ళీ నాలుగోదానికి ప్రో కొంటే తీరదు" అన్నాను.

అక్క లోపల్నుంచి వింటూనే ఉంది. ఏమీ అనలేదుగాని నాకు ఇంకో గరిటె పులుసు పోసింది.

బావ ప్రోలు తీసుకోలేదు. రెండు పెట్టెలూ విప్పించి ఫ్యాన్లలో దుమ్ము తీయించాడు, పుల్లలు అరిగిపోయిన కంట్రోలర్లు రెండు మార్చాడు. ప్రో అడిగిన కుర్రాళ్ళలో ఇద్దరు వేరే షాపుకి వెళ్ళిపోయారట. మిగతావాళ్ళు వస్తున్నారు. వేసవి సెలవుల్లో ఒక 4కె టీవీ వాయిదాల మీద తీసుకుంటే ఎలా ఉంటుందని మొన్న మళ్ళీ అడిగాడు. ఆ లెక్క ఇంకా కట్టలేదు.