డండీ కేకులో మన వాటా

డిసెంబరు వచ్చిందంటే స్కాట్లండ్‌లో ఏ దుకాణానికి వెళ్లినా గుండ్రటి రేకు డబ్బాల్లో డండీ కేకులు కనిపిస్తాయి. ఆఫీసులో ఒకరికొకరు ఇచ్చుకుంటారు, పొరుగింటి పెద్దావిడ పిల్లల చేతికిచ్చి పంపుతుంది. మన సంఘం సంక్రాంతి సంబరాల్లోనూ అరిసెల పక్కన ఈ కేకు ముక్కలు చేరిపోయాయి. ఈ కేకు వెనకున్న డండీ ఊరి కథలో మన ఉత్తరాంధ్ర వాళ్ల చెమట కూడా ఉంది. ఆ సంగతి మన పిల్లలకు తెలియాలి.

స్కాట్లండ్‌లో పండ్ల కేకులకు కొదవ లేదు. కొత్త సంవత్సరానికి చేసే బ్లాక్ బన్ నల్లగా, దిట్టంగా ఉంటుంది. డండీ కేకుది బంగారు రంగు, తేలిక ఒళ్లు. మైదా, వెన్న, పంచదార, గుడ్లు, బాదం పొడి, సుల్తానా కిస్‌మిస్‌లు పడతాయి. అన్నిటినీ మించి సెవిల్ నారింజ తొక్క పడాలి. ఆ నారింజ పచ్చిగా తినలేనంత చేదు. పాకంలో ఊరిన ఆ తొక్క పంటికింద పడితే మన దబ్బకాయలో ఉండే చిరుచేదే తగులుతుంది. చెర్రీలు వేసి డండీ కేకని అమ్మేవాళ్లున్నారు. అవి వేస్తే అది మంచి కేకే కావచ్చు కానీ డండీ కేకు కాదు.

చెర్రీల మీద ఒక కథ కూడా ఉంది. స్కాట్ల రాణి మేరీకి అవి నచ్చవని కేకు పైన వాటికి బదులు బాదంపప్పు పెట్టారట. కానీ మేరీ 1587లోనే చనిపోయింది. డండీ కేకన్న పేరు 19వ శతాబ్దంలో కీలర్ కంపెనీ ప్రచారంలోకి తెచ్చింది. జానెట్ కీలర్, ఆమె కొడుకు జేమ్స్ డండీలో పెట్టిన మార్మలేడ్ (నారింజ జామ్) వ్యాపారానికి 1797 పుట్టిన సంవత్సరంగా చెబుతారు. తుపానులో చిక్కి రేవు చేరిన స్పెయిన్ ఓడలోంచి నారింజలు చవగ్గా కొన్నారన్న కథను డండీలో ఇప్పటికీ ముచ్చటగా చెప్పుకుంటారు. మార్మలేడ్ అంతకు ముందే ఉంది. తొక్కను సన్నగా తరిగి వేయడమే జానెట్ పనితనమంటారు. సెవిల్ నారింజలు దొరికేది చలికాలంలో కొద్ది వారాలే కాబట్టి, మార్మలేడ్ పని తగ్గిన రోజుల్లో మిగిలిన తొక్కతో కేకులు మొదలయ్యాయని ఆ ఊరి మాట.

డండీకి పేరు తెచ్చినవి మూడు: జనపనార, జామ్, పత్రికలు. మూడింటిలో పెద్దది జనపనారే. బెంగాల్ నుంచి వచ్చిన నారను తిమింగలం నూనెతో మెత్తబరిచి ఇక్కడి మిల్లుల్లో గోనె నేశారు. 1855లో కోల్‌కతా దగ్గర హుగ్లీ ఒడ్డున రిష్రాలో మన దేశపు మొదటి జనపనార మిల్లు లేచింది. దానికి యంత్రాలు డండీ నుంచే వెళ్లాయి. ఆ తర్వాత అక్కడ మిల్లుల మీద మిల్లులు వచ్చాయి, మేనేజర్లూ మేస్త్రీలూ డండీ నుంచి వెళ్లారు. కూలీలు బీహారు నుంచి, ఒరిస్సా నుంచి, మన గంజాం, విశాఖపట్నం జిల్లాల నుంచి వెళ్లారు. టీటాగఢ్ వైపు మిల్లు బస్తీల్లో తెలుగు కుటుంబాలు తరతరాలుగా స్థిరపడిపోయాయి. దొరల బంగళాల్లో క్రిస్మస్‌కి కేకు కోసుకునే వేళకి గేటు బయట కూలీ లైన్లలో శ్రీకాకుళం యాస వినబడేది. కోల్‌కతా బేకరీల్లో డండీ కేకు ఇవాళ్టికీ దొరుకుతుంది.

ఇంకో ముడి కూడా ఉంది. మన గోగునారకు అంతర్జాతీయ వ్యాపారంలో బిమ్లీ జూట్ అని పేరు. అది మన భీమునిపట్నం రేవు పేరే. చిట్టివలస, నెల్లిమర్ల, ఏలూరుల్లో మిల్లులు నడిచింది ఈ పంట మీదే. గోనెసంచుల లాభాలతో డండీలో పెద్ద పెద్ద భవనాలు లేచాయి. బస్తీల్లో బతికిన మనవాళ్ల పేర్లు మాత్రం ఆ గోడల మీద లేవు. ఈ అన్యాయాన్ని మెత్తగా చెప్పడం నాకు ఇష్టం లేదు.

కేకు చేయదలిచినవాళ్లకు రెండు మాటలు. బాదంపప్పును మరిగే నీళ్లలో కాసేపు ఉంచితే బొటనవేలితో నొక్కగానే పొట్టు జారిపోతుంది. పిండి గిన్నెలో సర్దాక పైన అంచు నుంచి లోపలికి ఆ పప్పులను వరసలుగా పేర్చాలి. గట్టిగా అదిమితే పప్పులు మునిగిపోతాయి, ఊరికే ఆనించాలి. మంట నిదానంగా ఉండాలి, అడుగు మాడకూడదు. చల్లారాక చుట్టిపెట్టి నాలుగైదు రోజులు ఆగండి, అప్పుడు రుచి కుదురుతుంది.

డండీలో పాత మిల్లు ఒకటి వర్డెంట్ వర్క్స్ పేరుతో మ్యూజియంగా ఉంది. ఈ వేసవిలో సంఘం పిల్లల విహారయాత్ర అక్కడికే పెట్టాలని కార్యవర్గాన్ని కోరుతున్నాను. టీటాగఢ్‌లోనో చిట్టివలసలోనో మిల్లులో పనిచేసిన తాతలున్నవాళ్లు మనలో ఎవరైనా ఉంటే బస్సులో ముందు సీటు వాళ్లకి. వాళ్లు చెప్పేది పిల్లలు వినాలి, రాసిపెట్టాలి.